వరుసలో ఎక్కడ నిలబడాలి?

డప్పుకు పాఠ్యపుస్తకం లేదు, పరీక్ష లేదు, పట్టా లేదు. చెవితో విని చేతికి తెచ్చుకోవాలి. మరి నేర్చుకునేవాడికి ఎంత వచ్చిందో తేల్చేది ఎవరు?

నాకు పెట్టిన మొదటి పరీక్ష డప్పు కొట్టమని కాదు, కాపమని.

మా పెద్దబాపు ఇంటి వెనక చింతచెట్టు కింద వరిగడ్డి మంట వేశారు. చలికాలం, పొద్దు గూట్లో పడుతోంది. మంచుకు తోళ్లన్నీ మెత్తబడి ఉన్నాయి. పెద్దబాపు ఒక డప్పు నా చేతిలో పెట్టి, "కాపు" అని చెప్పి బీడీ ముట్టించుకున్నాడు. ఎంతసేపు కాపాలో చెప్పలేదు, ఎంత దూరంలో పట్టుకోవాలో చెప్పలేదు. నేను చేతి గడియారం చూసుకున్నాను. రెండు నిమిషాలు చాలనుకున్నాను. "ఇను" అన్నాడాయన. ఏం వినాలో నాకు అర్థం కాలేదు. మంట వైపు చూస్తూ ఉండిపోయాను. అంతలోనే టప్‌మని చప్పుడైంది. చట్రం పక్కన జానెడు మేర తోలు పిగిలిపోయింది.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. పిగిలిన చోట వేలు పెట్టి చూసి, "కంటితోని కాపినవ్ కొడుకా. చెవుతోని కాపాలె" అన్నాడు.

ఆ మాట అర్థం కావడానికి నాకు ఒక ఏడాది పట్టింది. మంట సెగకు తోలులో తేమ ఆరిపోతుంటే అది బిగుస్తుంది. బిగిసేకొద్దీ దాని గొంతు పైకి లేస్తుంది. పెద్దబాపు డప్పును మంట ముందు తిప్పుతూ మధ్య మధ్య గోటితో ఒక్క మీటు మీటుతాడు. మొదట బొద్దుగా, తడిగుడ్డ మీద కొట్టినట్టు పలుకుతుంది. కాసేపటికి మోతలోకి గుండ్రదనం వస్తుంది. ఇంకాసేపటికి కంగుమంటుంది. ఆ కంగుమనే చోట ఆపాలి. దాటితే నాకు జరిగిందే జరుగుతుంది. అక్కడికి ఎప్పుడు చేరుతుందో గడియారం చెప్పలేదు. గాలిలో చెమ్మను బట్టి, తోలు మందాన్ని బట్టి, మంట వడిని బట్టి పూటపూటకూ మారుతుంది.

నేను మాదిగవాడలో పుట్టినవాణ్ని. మా తాత డప్పు కొట్టాడు, పెద్దబాపు కొట్టాడు. మా బాపు మాత్రం ఒకనాడు డప్పును దూలానికి తగిలించి మళ్లీ దించలేదు. అది ఎందుకో తరువాత చెబుతాను. నేను బడికి పోయాను, పట్నం పోయాను, రాతపనిలో పడ్డాను. నలభై దాటాక మళ్లీ ఈ తోలు దగ్గరికి వచ్చాను. వచ్చిన రోజు నుంచి ఒకటే ప్రశ్న వెంటాడింది: ఈ విద్యలో నేను ఏ మెట్టు మీదున్నాను? పుట్టినప్పటి నుంచి విన్నవాణ్ని కనుక కొత్తవాణ్ని కాను. చేత్తో పట్టనివాణ్ని కనుక వచ్చినవాణ్నీ కాను.

మూడు గళ్ల కాగితం

పెద్దబాపు దగ్గరికి వెళ్లకముందు పట్నంలో ఒక చోట రెండు రోజుల డప్పు శిక్షణ పెట్టారని తెలిసి చేరాను. లోపలికి వెళ్లగానే ఒక కాగితం ఇచ్చారు. పేరు, వయసు, ఫోన్ నంబరు, కింద మూడు గళ్లు: ప్రారంభ స్థాయి, మధ్యమ స్థాయి, ఉన్నత స్థాయి. మీకు తగినదానికి టిక్కు పెట్టండి అన్నారు. నేను మధ్యగడిలో పెట్టాను. అబద్ధం చెప్పాలని కాదు. ఏ మోత పెండ్లిదో, ఏది జాతరదో, ఏది దండోరాదో కళ్లు మూసుకుని చెప్పగలను. అది ఏమీ రానివాడి లక్షణం కాదు కదా అనుకున్నాను.

మధ్యాహ్నానికల్లా తేలిపోయింది. మొదటి గడిలో టిక్కు పెట్టిన ఒక కాలేజీ అమ్మాయి, అంతకుముందు డప్పును ముట్టుకోనిది, ఒక్క దరువును పట్టుకుని పావుగంట పాటు సడలకుండా కొట్టింది. నాది మూడో నిమిషానికే ఉరుకందుకుంది. నాకు తెలిసింది ఎక్కువ, చేతికి వచ్చింది తక్కువ. ఆమెకు తెలిసింది ఒక్కటే, అది పూర్తిగా చేతికొచ్చింది. మరి ఏ గడి ఎవరిది? రెండో రోజు సాయంత్రం అందరికీ ఒకే వాక్యం అచ్చేసిన ధ్రువపత్రాలు ఇచ్చారు. పెట్టినవాళ్ల మనసు మంచిదే, డప్పు నలుగురికీ చేరాలన్నదే వాళ్ల తపన. కానీ ఆ కాగితం చూసుకున్నప్పుడల్లా నాకు వచ్చిందేమిటో, రానిదేమిటో అందులో ఒక్క ముక్కా కనిపించలేదన్న బాధ మాత్రం ఉంది.

ఈ చిక్కు శాస్త్రీయ సంగీతం నేర్చుకునేవాళ్లకు ఇంతగా ఉండదు. సరళీ వరిసలు, జంట వరిసలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు, కీర్తనలు. పురందరదాసు వేశాడని చెప్పుకునే ఆ బాటలో ఎవరు ఎక్కడున్నారో ఒక్క మాటలో తెలుస్తుంది. "వర్ణాల్లో ఉన్నాను" అంటే వినేవాడికి బొమ్మ కట్టినట్టే. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు గాత్రాన్నీ వీణనూ వయొలిన్‌నూ తరగతులుగా విడదీయడం సాధ్యమైందంటే, ముందే పాఠాలకు వరుస ఉంది గనకే. డప్పుకు అలాంటి వరుస ఎవరూ వేయలేదు. వాడలో పిల్లవాడు మొదట వినేది తేలిక దరువు కాదు, ఆ రోజు ఊళ్లో ఏం జరిగితే అది. అది జాతర కావచ్చు, చావు కావచ్చు. అన్నిటికన్నా కష్టమైనది అన్నిటికన్నా ముందు చెవిన పడవచ్చు.

అందుకే బయటివాళ్లు ఒక సులువైన కొలత పట్టుకుంటారు: "నీకు ఎన్ని దరువులొచ్చు?" ఏడొచ్చు, పదొచ్చు, పద్దెనిమిదొచ్చు. అంకె చెప్పగానే వాళ్లకు తృప్తి. కిన్నెర విషయంలోనూ ఇదే చూశాను. దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఊరూవాడా "పన్నెండు మెట్ల కిన్నెర" అనే మాటే మారుమోగింది. మెట్లు వాద్యానివి. ఆ మెట్ల మీద వేళ్లు నడుపుతూ, అదే సమయంలో గొంతెత్తి వీరుల కథ చెబుతూ, విన్నవాళ్లను కట్టిపడేయడం మనిషిది. దాన్ని లెక్కపెట్టే అంకె ఇంకా పుట్టలేదు. 2024లో బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు పద్మశ్రీ ఇచ్చినప్పుడు కూడా చాలామంది మొదట అడిగింది ఆ వాద్యానికి ఎన్ని తీగలని.

దరువుల లెక్క పూర్తిగా పనికిరానిదని నేను అనను. దరువులు ఎక్కువ వచ్చినవాడు ఎక్కువ సందర్భాలకు పనికొస్తాడు, అది నిజం. కానీ పద్దెనిమిది దరువులను అయిదేసి నిమిషాలు కొట్టగలవాడికన్నా ఒక్క దరువును ఊరి పొలిమేర నుంచి గుడి దాకా సడలకుండా మోయగలవాడినే మా వాడలో పిలుచుకుంటారు.

ఎడమచేతిలో ఉంది

డప్పు చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది. గుండ్రటి చెక్క చట్రం, దాని మీద చింతగింజల జిగురుతో అంటించి బిగించిన మేకతోలు, భుజానికి తగిలించుకోవడానికి తాడు. రాయలసీమలో, కోస్తాలో పలక అంటారు, కొన్నిచోట్ల తప్పెట అంటారు. కన్నడ నేలమీద తమటె, తమిళనాట పరై దీని తోబుట్టువులు. కుడిచేతిలో పొట్టిగా లావుగా ఉండేది సిర్ర. ఎడమచేతిలో సన్నగా పొడుగ్గా ఉండేది సిటికెన పుల్ల. సిర్ర తోలు నడిమికి తగిలితే లోతైన మోత వస్తుంది. సిటికెన పుల్ల పైఅంచు మీదుగా వాలి తోలును చరిస్తే పలుచటి, పదునైన చప్పుడు వస్తుంది. ఎడమచెయ్యి ఊరికే లేదు. ఆ చేతిదే డప్పును పట్టి ఉంచే పని, ఆ చేతి వేళ్లదే పుల్లను ఆడించే పని.

దూరం నుంచి వినేవాడికి సిర్ర దెబ్బే వినిపిస్తుంది. నేర్చుకునేవాడు కూడా దాన్నే పట్టుకుంటాడు. అది దొరికితే దరువంతా దొరికిందనుకుంటాడు. నేనూ అలాగే అనుకున్నాను. పెద్దబాపు ముందు నిలబడి కొట్టి చూపించాను. ఆయన కళ్లు మూసుకుని విని, లేచి వచ్చి నా కుడిచేతిలోని సిర్ర తీసుకుని చూరులో దోపాడు. "ఇప్పుడు కొట్టు" అన్నాడు.

సిటికెన పుల్లతో ఒంటరిగా ఆ దరువును కొట్టాలి. నాలుగు దెబ్బలకే చెయ్యి ఆగిపోయింది. ఎడమచేత్తో నేను ఏం కొడుతున్నానో నాకే తెలియదని అప్పుడు తెలిసింది. సిర్ర సందుల్లో ఎక్కడో ఒకచోట పుల్లను ఆనిస్తున్నాను, అంతే. సిర్ర మోతలో అది కప్పబడిపోయింది కనుక తప్పు నాకు వినపడలేదు. ఆయనకు వినపడింది. నెల రోజులు సిర్ర నా చేతికి ఇవ్వలేదు.

ఆ నెల రోజుల్లో నోటిపాఠం కూడా నడిచింది. జజ్జనకరి అని ఊరంతా ఆటగా పలికే మాటలే మా బడి. పొలం గట్టు మీద నడుస్తూ దరువును నోటితో పలకమనేవాడు. ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నానో వింటూ వెనక వచ్చేవాడు. దరువు మధ్యలో, తీసుకోకూడని చోట ఊపిరి తీసుకుంటే వెనకనుంచి చప్పట్లు కొట్టి ఆపేవాడు. "నోట్లె తప్పినోనికి చేతుల తప్పుతది" అనేవాడు. డప్పు ముట్టకుండానే ఎవరికి ఎంత వచ్చో ఆయన ఇలా తేల్చేస్తాడని తర్వాత గమనించాను. వాడలోకి ఎవరైనా నేర్చుకుంటానని వస్తే ముందు పక్కన కూచోబెట్టుకుని, "ఒక్కసారి అను" అంటాడు. వాడి నోట్లో దరువు నిలబడితే చేతికి పుల్లలు వస్తాయి. లేకపోతే ఇంకో వారం వినాలి.

మా పిన్ని కూతురు ఈ పరీక్షలో నాకన్నా ముందు గెలిచింది. ఆడపిల్ల డప్పు పట్టడమేమిటని మా వాడలో ఒకప్పుడు అనేవాళ్లు. ఇప్పుడు ఆడవాళ్ల డప్పు బృందాలు చాలాచోట్ల కనిపిస్తున్నాయి. వడ్లు దంచేటప్పుడు రోకటిపోటుకు, బతుకమ్మ చుట్టూ చప్పట్లకు అలవాటుపడ్డ చేతులు లయను ఎప్పుడో పట్టుకున్నాయి. డప్పు చేతికివ్వడమే ఆలస్యమైంది.

చెవి ముందు, చెయ్యి వెనక

చెవితో నేర్చుకునే విద్యలో ఒక వింత ఉంది. చెవి, చెయ్యి ఒకేసారి ఎదగవు. చెవి ఎప్పుడూ ముందు నడుస్తుంది. దీనివల్ల మనిషి తన గురించి తాను వేసుకునే అంచనా తలకిందులవుతుంది.

ప్రతి ఆదివారం నేను కొట్టింది ఫోన్‌లో రికార్డు చేసుకునేవాణ్ని. మొదటి నెలలో విన్నప్పుడు పొంగిపోయాను, అచ్చం మా వాడ డప్పులాగే ఉంది. నాలుగో నెలలో విన్నప్పుడు కుంగిపోయాను, దెబ్బ దెబ్బకూ లోపమే. వెనక్కి పోతున్నానని బెంగపెట్టుకుని, ఒక రాత్రి మొదటి నెల రికార్డింగు మళ్లీ పెట్టి విన్నాను. అది మరీ అధ్వానంగా ఉంది! సిటికెన పుల్ల ఉందో లేదో తెలియడం లేదు. మొదలుపెట్టిన నడకకూ ముగించిన నడకకూ పొంతన లేదు. గదిలో దానికి అడుగులు వేసి చూశాను. మొదట్లో మామూలు నడక సరిపోయింది, చివరికొచ్చేసరికి పరుగెత్తాల్సి వచ్చింది. ఆ తప్పులన్నీ మొదటి నెలలోనే ఉన్నాయి, వాటిని వినగలిగే చెవి అప్పుడు నాకు లేదు.

అప్పటి నుంచి నేను పెట్టుకున్న కొలత అదే. ఇవాళ బాగా కొట్టానా లేదా అని ఇవాళే తేల్చుకోను. మూడు నెలల కిందటి రికార్డింగు పెట్టుకుని, అందులో అప్పుడు వినపడని తప్పు ఇప్పుడు వినపడుతోందా అని చూసుకుంటాను. వినపడితే చెవి ఒక అడుగు వేసినట్టు. ఆ తప్పు ఈ వారం రికార్డింగులో లేకపోతే చెయ్యి కూడా వెంట వచ్చినట్టు. చాలామంది మానేసేది ఈ రెంటికీ నడుమ. తమకు రావడం లేదనుకుని పుల్లలు కింద పెట్టేస్తారు. వాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది, ఎందుకంటే అప్పుడే వాళ్లకు నిజంగా వినపడడం మొదలైంది.

ఫోన్ మేలూ చేసింది, కీడూ చేసింది. వీడియో వేగాన్ని సగానికి తగ్గించి వింటే సిటికెన పుల్ల దెబ్బలు ఒక్కొక్కటీ విడివిడిగా దొరుకుతాయి. అలా రాత్రంతా కూచుని ఒక జాతర దరువు పట్టుకుని, పొద్దున్నే పెద్దబాపుకు వినిపించాను. "దెబ్బలన్నీ ఉన్నయ్. మరి గది ఏడబోయింది?" అన్నాడు. గది అంటే ఊపు. జాతర దరువులో దెబ్బకూ దెబ్బకూ నడుమ ఎడం సమానంగా ఉండదు. ఒకటి కొంచెం ముందుకు తూలుతుంది, మరొకటి కొంచెం ఆగి పడుతుంది. వేగం తగ్గించినప్పుడు ఆ తూలును నేను సమానం చేసి నేర్చుకున్నాను. దెబ్బల లెక్క తప్పలేదు, అడుగు లేవలేదు. పెద్దబాపు పక్కింటి నుంచి ఒక ముసలమ్మను పిలిచి, నన్ను మళ్లీ కొట్టమన్నాడు. ఆమె అరుగు మీద అలాగే కూచుంది. ఆయన కొట్టాడు. ఆమె పాదం కదిలింది. ఇంకేమీ చెప్పలేదు.

చివరి నుంచి నడిమికి

స్థాయి అన్న మాట మా వాడలో ఎవరూ వాడరు. కానీ స్థాయి లేదనుకుంటే పొరపాటు. అది వరుసలో కనిపిస్తుంది. ఆరుగురు నిలబడితే ఎవరు ఎక్కడ నిలబడాలో ఎవరూ చెప్పరు, ఎవరి చోటు వారికి తెలుసు.

కొత్తవాడు చివర. అతని పని ఒక్కటే దరువు, మార్పు లేకుండా. అక్కడ అన్నిటికన్నా ముందు నేర్చుకోవాల్సింది కొట్టడం కాదు, ఆపడం. దరువు జారితే పుల్లలు ఎత్తేయాలి. విని, పక్కవాడి సిర్రతో మళ్లీ కలవాలి. నాకు ఇది చాలా కష్టమైంది. జారిన తరువాత కూడా దొరుకుతుందన్న ఆశతో కొడుతూనే ఉండేవాణ్ని, పక్కవాణ్నీ లాగేసేవాణ్ని. ఒక పోచమ్మ పండుగలో అలా ముగ్గురిని చెదరగొట్టాను. పెద్దబాపు తల తిప్పి చూశాడు, అంతే. ఆ రాత్రి అన్నం దగ్గర మెల్లగా అన్నాడు, "తప్పిపోయినోడు ఒర్రద్దు బిడ్డా. నిలబడి వినాలె. తొవ్వ దొరుకుతది."

చివరి నుంచి లోపలికి జరిగేకొద్దీ చెవికి పని పెరుగుతుంది. ముందు నడిపే మనిషి దరువు మార్చబోయే ముందు నోటితో చెప్పడు. ఆయన భుజం కొంచెం లేస్తుంది, సిటికెన పుల్ల ఒక చరుపు ఎక్కువ చరుస్తుంది. పక్కనున్నవాడు దాన్ని పట్టుకుని అందుకోవాలి, అతని నుంచి మిగతావాళ్లకు పాకాలి. ఆ రెండో చోటులో నిలబడేవాడు ఒక్కోసారి పెద్దగా మోత చేయడు, చూసేవాళ్ల కంట్లోనే పడడు. కానీ అతను లేని రోజున వరుస అతుకులబొంత అవుతుంది. ఏ వాద్యబృందాన్ని చూసినా నేనిప్పుడు ముందు వెతికేది ఆ రెండో మనిషినే.

అడుగు కలిసేది ఆ తరువాత. ఆట డప్పులో పాదాలు, నడుము, భుజాలు అన్నీ దరువులోనే ఉంటాయి. నిలబడి కొట్టినప్పుడు బాగున్న చెయ్యి అడుగు వేయగానే సగమవుతుంది. ఊపిరి అందదు, ఎడమచెయ్యి మర్చిపోతుంది.

నడిపేవాడి చోటు వేరు. ఆయన తన వరుసను చూడడు, ఎదుటివాళ్లను చూస్తాడు. బోనం ఎత్తుకున్న అరవై ఏళ్ల ఆడమనిషి అడుగెలా పడుతోంది, శివసత్తుకు పూనకం ఎక్కుతోందా దిగుతోందా, పోతరాజు అలిసిపోయాడా. వాళ్ల కాలికి తగ్గట్టు తన దరువును నడుపుకుంటాడు. తన చేతి వాటం చూపించుకోవాలని వేగం పెంచేవాడు ఎంత బాగా కొట్టినా మా వాళ్లు ముందు నిలబెట్టరు. బోనం తొణుకుతుంది.

అందరి తరువాత అప్పజెప్పేది సావు డప్పు. పాడె లేచినప్పటి నుంచి దింపుడు కళ్లం దాకా, అక్కడి నుంచి కాటిదాకా. కొట్టడానికి చూస్తే అదేమంత చిక్కు దరువు కాదు. కానీ ఏడ్చేవాళ్ల ఏడుపు వినపడాలి, మోసేవాళ్ల అడుగు తడబడకూడదు. దింపుడు కళ్లం దగ్గర పాడె దించి చనిపోయిన మనిషి చెవిలో పేరు పెట్టి పిలిచేటప్పుడు డప్పులన్నీ ఒక్క దెబ్బకు ఆగాలి. ఒక్క సిటికెన పుల్ల మిగిలి చప్పుడు చేసినా ఆ ఇంటివాళ్లు జన్మలో మర్చిపోరు. అందుకే పెద్దబాపు ఇంకా నన్ను సావుకు పిలవలేదు. పిలవమని నేనూ అడగలేదు.

పని, పనితనం

ఇన్ని మెట్లున్న విద్యను ఊరు ఏనాడైనా కొలిచిందా? ఇక్కడే మా బాపు సంగతి చెప్పాలి.

బాపు మంచి వాటమున్నవాడని పెద్దబాపే చెబుతాడు. చిన్నవయసులోనే వరుసలో రెండో చోటుకు వచ్చాడట. ఒక పెద్దింటి పెండ్లికి రాత్రంతా కొట్టారు. తెల్లవారి కూలి అడిగితే ఆలస్యంగా వచ్చారని తిట్టి, దూరంగా నిలబెట్టి, మిగిలిన అన్నం పెట్టించారు. రాత్రంతా కొట్టిన కొట్టుడు గురించి ఒక్క మాట లేదు. కులం కాబట్టి కొట్టాలి, వెట్టి కాబట్టి రావాలి. ఎంత బాగా కొట్టినా అది వాళ్ల దృష్టిలో పనే, పనితనం కాదు. బాగా కొట్టినవాడికీ అంతే, అంతంతగా కొట్టినవాడికీ అంతే. బాపు ఇంటికి వచ్చి డప్పును దూలానికి తగిలించాడు. మమ్మల్ని దాని నీడకు కూడా పోనివ్వలేదు. మా చేతికి పలకా బలపమే రావాలన్నాడు. ఆయన తప్పు చేశాడని నేను ఎన్నడూ అనుకోను.

డప్పు వెట్టి నుంచి బయటికి వచ్చింది కొట్టినవాళ్ల పోరాటాల వల్లే. జననాట్యమండలి పాటలతో అది సభల్లోకి నడిచింది. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన మాదిగల ఉద్యమం దండోరా అన్న పేరునే తలకెత్తుకుంది. ఊరివాళ్ల కబురు చాటిన డప్పు అప్పుడు సొంత కబురు చాటింది. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం దాన్ని తెలంగాణ ఉద్యమానికి గొంతు చేసింది. పొరుగున తమటె కళాకారుడు మునివెంకటప్పకు 2023లో, పరై కళాకారుడు వేలు ఆసాన్‌కు 2025లో పద్మశ్రీలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు సామాజిక పింఛను ఉంది, 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు. కళాకారుడు అన్న మాట ప్రభుత్వ కాగితం మీదికి ఎక్కడం చిన్న సంగతి కాదు. ఆ మాట కోసం మా తాతలు ఎదురుచూసి ఎదురుచూసి పోయారు.

ధూంధాం రోజుల్లో ఒక సాయంత్రం టీవీలో ఏదో సభ వస్తోంది. వేదిక మీద పది, పన్నెండు డప్పులు. బాపు మంచంలో అటు తిరిగి పడుకుని ఉన్నాడు. డప్పు పట్టక అప్పటికి పాతికేళ్లు. నిద్రపోతున్నాడనే అనుకున్నాను. గోడ వైపు తిరిగే, "ఒగడు ఉరుకుతుండు" అన్నాడు. నేను తెర మీద చూశాను. నిజమే, ఎడమవైపు మూడో కుర్రాడు పక్కవాళ్లకన్నా రవ్వంత ముందు పడుతున్నాడు. అంత గోలలో, ఆ డబ్బా టీవీలో, చూడకుండా ఆ ఉరుకును ఎలా పట్టుకున్నాడో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. చేతితో వదిలేసినదాన్ని చెవి వదలలేదు. ఆ రోజే నాకు ఈ విద్య మీద మనసు పడింది. కాని బాపు బతికి ఉండగా అడగడానికి నోరు రాలేదు.

ఇప్పుడు మార్కెట్లో ఫైబర్ డప్పులు వచ్చాయి. చట్రానికి బోల్టులు, తోలుకు బదులు ప్లాస్టిక్ పొర. వానొచ్చినా మెత్తబడవు, కాపాల్సిన పని లేదు, మోయడానికి తేలిక. పట్నంలో నేర్చుకునే పిల్లలకు అవి అందుబాటులో ఉన్నాయి, వద్దనను. మా వాడలోనూ మూడున్నాయి. కాని మంట దగ్గర కూచుని తోలు మాట వినే ఆ అరగంట పోతుంది. చెవికి జరిగే మొదటి సాన అక్కడే కనుక, దాని బదులు ఏం పెట్టాలో నేర్పేవాళ్లు ఆలోచించాలి.

మొన్న పోచమ్మ పండుగకు మళ్లీ చింతచెట్టు కింద మంట వేశారు. నా డప్పు నేనే కాపుకున్నాను, పిగలలేదు. పెద్దబాపు వచ్చి తన డప్పును నా ఒడిలో పెట్టాడు. ఆయన డప్పును ఇంకొకరు కాపడం నేను ఎన్నడూ చూడలేదు. ఆ తోలు పాతది, అరిగి పలుచబడ్డది. ఏమరితే క్షణంలో పోతుంది. మంటకు దూరంగా పట్టుకుని తిప్పుతూ మీటాను. బొద్దుగా పలికింది. తిప్పాను, మీటాను. గుండ్రంగా పలికింది. ఇంకా తిప్పాను. కంగుమన్నట్టనిపించి తీసి ఆయనకు అందించాను.

ఆయన గోటితో ఒక్క మీటు మీటి, తల పక్కకు వంచి విన్నాడు. డప్పును మళ్లీ నా చేతుల్లోనే పెట్టాడు.

"ఇంకింత" అన్నాడు. అని, తువ్వాల దులిపి భుజాన వేసుకుని, మంట వైపు తిరిగి చూడకుండా గుడి దగ్గరికి నడిచిపోయాడు.